లైనక్స్‌లో కంట్రోలర్ క్యాలిబ్రేట్ చేసినా గేమ్‌లో స్టిక్ దానంతటదే కదులుతుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లైనక్స్‌లో యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ పెట్టారు, ఎడమ స్టిక్ మీద నుంచి వేలు తీసేసినా గేమ్‌లో క్యారెక్టర్ మెల్లగా కుడివైపుకి నడిచిపోతోంది. జేఎస్‌క్యాల్ అనే టూల్‌తో క్యాలిబ్రేట్ చేశారు, అంటే స్టిక్ మధ్య, అంచులు ఎక్కడో సిస్టమ్‌కి చెప్పారు, స్టిక్ అంకెలు చూపించే జేఎస్‌టెస్ట్‌లో చూస్తే సున్నా దగ్గర కదలకుండా ఉంది, కానీ గేమ్ తెరిస్తే మళ్ళీ అదే నడక. పైగా వైరు పీకి పెట్టినా రీబూట్ చేసినా చేసిన క్యాలిబ్రేషన్ ఎగిరిపోతోంది. ఇంకో కంట్రోలర్ బ్లూటూత్‌లో ఒక్కోసారి కనెక్ట్ అయ్యి వెంటనే పడిపోతోంది అని కూడా రాశారు, దాని సంగతి చివర్లో చెప్తా.

మీరు చేసిన పని తప్పు కాదండి, చేసిన చోటు వేరు. నేనూ మొదట్లో ఇదే చేశా, రెండు సాయంత్రాలు జేఎస్‌క్యాల్‌తోనే కూర్చున్నా, ప్రతిసారీ టెస్ట్‌లో అంతా బాగానే కనపడేది, గేమ్‌లో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు. కారణం తెలిసాక చాలా చిన్న విషయం అనిపించింది కానీ అది ఎవరో ఒకరు చెప్తే తప్ప తెలీదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

లైనక్స్‌లో ఒకే కంట్రోలర్ సమాచారం బయటికి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పాతకాలం జాయ్‌స్టిక్ దారి, అంటే /డెవ్/ఇన్‌పుట్/జేఎస్0 అనే ఫైల్, దీన్ని నడిపేది కెర్నల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, ఉన్న జాయ్‌డెవ్ అనే ముక్క. రెండోది ఈవీడెవ్, అదే ఫోల్డర్‌లో ఈవెంట్ అనే పేరుతో నంబర్ వేసుకుని ఉంటాయి చూడండి, అవి. మూడోది హెచ్‌ఐడీ‌రా, అంటే కంట్రోలర్ పంపిన బైట్లు డ్రైవర్ అర్థం చెప్పకముందే ఉన్నవి ఉన్నట్టు ఇచ్చే దారి. జేఎస్‌క్యాల్ సరిచేసేది మొదటి దారిని మాత్రమే. ఇప్పటి గేమ్‌లలో చాలావరకు ఎస్‌డీఎల్ లైబ్రరీ (గేమ్‌లు కంట్రోలర్‌ని చదవడానికి వాడుకునే రెడీమేడ్ కోడ్) ద్వారా చదువుతాయి, అది రెండో దారి వాడుతుంది, కొన్ని కంట్రోలర్లకైతే నేరుగా మూడో దారి. అంటే మీరు క్యాలిబ్రేట్ చేసిన దారిలో గేమ్ అసలు రావట్లేదు. జేఎస్‌టెస్ట్ కూడా మొదటి దారిలోనే చూస్తుంది కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టు కనపడుతుంది.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలీదు. మామూలు యూఎస్‌బీ ప్యాడ్ అయితే కెర్నల్ దానికి తనంతట తానే ఒక డెడ్‌జోన్ (మధ్యకి దగ్గర్లో చిన్న కదలికల్ని లెక్కచెయ్యని మేర) రాసిపెడుతుంది, దాన్ని ఫ్లాట్ అంటారు. స్టిక్ రేంజ్‌ని 16తో భాగిస్తే వచ్చేదే అది, రేంజ్ 0 నుంచి 255 అయితే ఫ్లాట్ 15. జాయ్‌డెవ్ ఈ 15ని గౌరవిస్తుంది, మధ్యలో 127కి అటూ ఇటూ 15 లోపల ఏం వచ్చినా సున్నా అని చెప్పేస్తుంది. ఈవీడెవ్ దారిలో మాత్రం ఆ 15 కేవలం ఒక సూచన, కెర్నల్ దాన్ని అమలు చెయ్యదు, చదివే ప్రోగ్రాం ఇష్టం. కొత్త ఎస్‌డీఎల్ డిఫాల్ట్‌గా దాన్ని పట్టించుకోదు. ఫలితం ఏంటంటే మీరు జేఎస్‌క్యాల్ అసలు రన్ చెయ్యకపోయినా జేఎస్‌టెస్ట్‌లో సున్నానే కనపడే అవకాశం ఉంది, అదే సమయంలో గేమ్‌కి మాత్రం స్టిక్ పక్కకి వాలిన అంకె వెళ్తూ ఉంటుంది. కాబట్టి జేఎస్‌టెస్ట్‌లో సున్నా చూసి స్టిక్ బాగుందని నమ్మకండి.

మరి అసలు అంకె ఎక్కడ చూడాలి? ఈవీటెస్ట్‌లో. అదే పేరుతో ప్యాకేజ్ ఉంటుంది, ఇన్‌స్టాల్ చేస్కొని టెర్మినల్‌లో రన్ చేస్తే డివైసుల లిస్ట్ చూపించి నంబర్ అడుగుతుంది, మీ ప్యాడ్ నంబర్ కొట్టండి. మొదట బటన్లు, యాక్సిస్‌ల (స్టిక్ అడ్డం ఒకటి, నిలువు ఒకటి, ఇలా ఒక్కో కదలిక) పెద్ద జాబితా వస్తుంది, ఒక్కో యాక్సిస్ కింద వాల్యూ, మిన్, మ్యాక్స్, ఫజ్, ఫ్లాట్ అని ఉంటాయి. తర్వాత మీరు కదిపినప్పుడల్లా ఒక్కో లైన్ పడుతూ ఉంటుంది. తెరవగానే కనపడే వాల్యూని నమ్మకుండా స్టిక్‌ని ఒకసారి గుండ్రంగా తిప్పి వదిలాకే చూడండి, కొన్ని ప్యాడ్‌లు కదిపేదాకా సరైన అంకె పంపవు.

నా దగ్గర ఉన్న ఒక పాత ప్యాడ్ అంకెలే ఇస్తా, దాంతో మొత్తం అర్థమైపోతుంది. ఎడమ స్టిక్ అడ్డం యాక్సిస్, రేంజ్ 0 నుంచి 255. స్టిక్‌ని పూర్తిగా కుడికి తోసి ఒక్కసారిగా వదిలేస్తే 141 దగ్గర ఆగింది. ఎడమకి తోసి వదిలితే 133 దగ్గర ఆగింది. పదిసార్లు అటూ పదిసార్లు ఇటూ చేసి కాగితం మీద రాసుకున్నా, ఒకటి రెండు అంకెల తేడా తప్ప అవే వచ్చాయి. పూర్తిగా ఎడమకి నొక్కిపట్టి చూస్తే 9 దాకానే దిగింది, కుడికి 251 దాకా వెళ్ళింది. ఇప్పుడు లెక్క చూడండి, అసలు మధ్య 127.5 అయితే స్టిక్ 141 దగ్గర ఆగుతోంది అంటే 13.5 అంకెలు కుడికి, సగం రేంజ్‌లో ఇది దాదాపు 10.6 శాతం. గేమ్‌లో డెడ్‌జోన్ 5 శాతమో 8 శాతమో ఉంటే క్యారెక్టర్ నడుస్తుంది, 20 శాతం ఉంటే నడవదు. జాయ్‌డెవ్‌కి మాత్రం 127కి 15 కలిపితే 142, మనది 141 కాబట్టి లోపలే ఉంది, అందుకే జేఎస్‌టెస్ట్ సున్నా అంది. మీ ప్యాడ్‌లో కూడా సరిగ్గా ఇదే జరుగుతోందని నా అనుమానం, అంకెలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఒక గేమ్‌లో బాగుండి ఇంకో గేమ్‌లో నడుస్తోంది ఎందుకు అని కూడా చాలామందికి డౌట్ వస్తుంది. విండోస్‌లో గేమ్‌లు కంట్రోలర్‌ని చదివే ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి కోసం మైక్రోసాఫ్ట్ సూచించిన డెడ్‌జోన్ ఎడమ స్టిక్‌కి 7849, కుడి స్టిక్‌కి 8689, మొత్తం 32767లో. అంటే ఎడమ దాదాపు 24 శాతం, చాలా పెద్దది. ఆ సూచన పాటించిన గేమ్‌లో కొంచెం అరిగిన స్టిక్ కూడా బ్రహ్మాండంగా అనిపిస్తుంది. గురి చూసి కొట్టే గేమ్‌లు, రేసింగ్ గేమ్‌లు చిన్న కదలిక కూడా పట్టుకోవాలని డెడ్‌జోన్ తక్కువ పెడతాయి, అక్కడ బయటపడుతుంది. స్టిక్ అదే, చదివేవాడు వేరు.

సరే, సరిచెయ్యడం దగ్గరికొద్దాం. ముందు గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ ఉందేమో చూడండి, ఉంటే 12 నుంచి 15 శాతం మధ్యలో పెట్టి ఆడండి, ఒకే గేమ్ ఆడేవాళ్ళకి ఇంతకు మించి అక్కర్లేదు. అన్ని గేమ్‌లకీ పనిచెయ్యాలి అంటే ఈవీడెవ్ లేయర్‌లోనే సరిచెయ్యాలి, దానికి టూల్ పేరు ఈవీడెవ్-జాయ్‌స్టిక్, మధ్యలో హైఫన్ ఉంటుంది. డెబియన్, ఉబుంటులో జాయ్‌స్టిక్ అనే ప్యాకేజ్‌లోనే వస్తుంది, అంటే జేఎస్‌క్యాల్ ఉన్న ప్యాకేజ్‌లోనే, మీ దగ్గర ఇప్పటికే ఉన్నట్టే. దానికి షోక్యాల్ ఆప్షన్ ఇచ్చి మీ ఈవెంట్ ఫైల్ చూపిస్తే ప్రస్తుతం ఉన్న మిన్, మ్యాక్స్, ఫ్లాట్ అన్నీ చెప్తుంది. ఈవెంట్ నంబర్ రీబూట్‌కి మారిపోతుంది కాబట్టి నంబర్ గుర్తుపెట్టుకోకుండా అదే ఫోల్డర్ లోపల బై-ఐడీ అనే ఫోల్డర్‌లో మీ ప్యాడ్ పేరుతో ఉన్న లింక్ వాడండి, చివర ఈవెంట్-జాయ్‌స్టిక్ అని ఉన్నది, ఇంకోటి ఉత్త జాయ్‌స్టిక్ అని ఉంటుంది అది పాత దారి, అది కాదు.

ఇక్కడ చాలామంది డెడ్‌జోన్ ఆప్షన్‌తో ఫ్లాట్ పెంచుతారు, పెంచి పనిచెయ్యట్లేదు అంటారు. పైన చెప్పినట్టు ఎస్‌డీఎల్ ఫ్లాట్‌ని చూడదు. చూడమని చెప్పాలంటే ఎస్‌డీఎల్_లైనక్స్_జాయ్‌స్టిక్_డెడ్‌జోన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగ్) 1 చేసి గేమ్ స్టార్ట్ చెయ్యాలి. అది ఒక దారి. నాకు అంతకంటే నచ్చింది ఇంకోటి ఉంది, ఫ్లాట్ జోలికి వెళ్ళకుండా మిన్, మ్యాక్స్ మార్చడం. ఎందుకంటే ఎస్‌డీఎల్ మధ్య ఎక్కడుందో ప్రత్యేకంగా వెతకదు, మిన్ నుంచి మ్యాక్స్ దాకా సాగదీసి దాని మధ్యే సెంటర్ అనుకుంటుంది. కాబట్టి ఆ రెండు అంకెల సగటు మన స్టిక్ నిజంగా ఆగే చోటుకి వచ్చేలా పెడితే సెంటర్ దానంతటదే జరుగుతుంది.

నా ప్యాడ్‌తోనే చూపిస్తా. 133, 141 మధ్య 137. అంటే మన నిజమైన సెంటర్ 137. కుడి చివర 251 వచ్చింది కానీ అంచుకి రెండు అంకెలు లోపలికి తీస్కుందాం, 249. 249 అంటే 137 కంటే 112 ఎక్కువ, కాబట్టి ఎడమ చివర 137 లోంచి 112 తీసేస్తే 25. మిన్ 25, మ్యాక్స్ 249, అంతే. ఇప్పుడు స్టిక్ 141 దగ్గర ఆగినా 133 దగ్గర ఆగినా సెంటర్ నుంచి 4 అంకెలే తేడా, 112లో 4 అంటే 3.6 శాతం, 5 శాతం డెడ్‌జోన్ ఉన్న గేమ్ కూడా దీన్ని మింగేస్తుంది. ఎడమ వైపు 25 దాటి 9 దాకా వెళ్తే ఏమవుతుంది అంటారా, ఎస్‌డీఎల్ అక్కడితో కత్తిరించేస్తుంది, ఫుల్ ఎడమ అని లెక్క, కొంచెం ముందే ఫుల్ వస్తుంది అంతే, ఆడేటప్పుడు చేతికి తెలీదు. అంచుకి రెండు అంకెలు లోపలికి ఎందుకంటే ఫుల్‌గా తోసినా 100 శాతం రాకపోతే క్యారెక్టర్ పరిగెత్తకుండా నడుస్తూ ఉంటుంది, ఆ బాధ డ్రిఫ్ట్ (స్టిక్ దానంతటదే కదలడం) కంటే చిరాకు.

కమాండ్‌లో ఈవీడెవ్ ఆప్షన్‌కి మీ లింక్, యాక్సిస్ ఆప్షన్‌కి 0, మినిమమ్‌కి 25, మ్యాక్సిమమ్‌కి 249 ఇవ్వండి, ఆప్షన్ పేర్ల ముందు రెండు గీతలు. యాక్సిస్ నంబర్లు మామూలుగా ఎడమ స్టిక్ అడ్డం 0, నిలువు 1, కుడి స్టిక్ అడ్డం 3, నిలువు 4, ట్రిగ్గర్లు 2, 5. నిలువు యాక్సిస్‌లో కిందికి నొక్కితే అంకె పెరుగుతుంది, తిరగబడింది అని కంగారు పడొద్దు, అది లైనక్స్‌లో పద్ధతే. ఇంకో జాగ్రత్త, గేమ్ తెరిచి ఉండగా మారిస్తే ఫలితం కనపడదు, ఎస్‌డీఎల్ డివైస్ తెరిచేటప్పుడే ఈ అంకెలు చదువుకుంటుంది, గేమ్ మూసి మళ్ళీ తెరవండి. నేను ఈ ఒక్క విషయం తెలీక సరిగ్గా పెట్టిన అంకెలు తప్పనుకుని మార్చుకుంటూ పోయా.

ట్రిగ్గర్లకి కూడా ఇదే వైద్యం, పైగా ఇంకా తేలిక. వదిలేస్తే 0 వస్తోందా, పూర్తిగా నొక్కితే ఎంత వస్తోంది చూడండి. 255 రావాల్సింది 231 దగ్గర ఆగిపోతే రేసింగ్ గేమ్‌లో యాక్సిలరేటర్ ఎప్పుడూ ఫుల్ పడదు, కారు స్పీడ్ అందుకోదు, ఎందుకో అర్థం కాదు. మ్యాక్స్ 228 పెట్టేయండి, అయిపోతుంది.

ఇప్పుడు రీబూట్‌కి పోతోంది అన్న సంగతి. జేఎస్‌క్యాల్ అయినా ఈవీడెవ్-జాయ్‌స్టిక్ అయినా రాసేది కెర్నల్ మెమరీలో ఉన్న డివైస్ మీద, కంట్రోలర్ లోపల ఏమీ రాయవు. వైరు పీకగానే ఆ డివైసే మాయం, దాంతోపాటు అంకెలూ మాయం. జేఎస్‌క్యాల్‌కైతే జేఎస్‌క్యాల్-స్టోర్ అని ఉంది, పాత దారి వాడే ప్రోగ్రాంలు మీ దగ్గర ఉంటే అది వాడుకోండి. ఈవీడెవ్‌కి నేను చేసేది హెచ్‌డబ్ల్యూడీబీ, అంటే చాలా లైనక్స్‌లలో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీతో వచ్చే హార్డ్‌వేర్ పట్టికలో ఒక ఎంట్రీ రాయడం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌ల రేంజ్ తప్పుగా ఉంటే సరిచెయ్యడానికి పెట్టిన ఏర్పాటు ఇది, ప్యాడ్‌లకీ చక్కగా పనిచేస్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏ ప్రోగ్రాం నడపక్కర్లేదు.

/ఈటీసీ/యూడెవ్/హెచ్‌డబ్ల్యూడీబీ.డీ ఫోల్డర్‌లో 61తో మొదలయ్యే పేరుతో, చివర డాట్ హెచ్‌డబ్ల్యూడీబీ ఉండేలా ఒక ఫైల్ చెయ్యండి. అందులో రెండు లైన్లు చాలు. మొదటి లైన్ ఏ డివైసో చెప్తుంది, ఈవీడెవ్:ఇన్‌పుట్: అని రాసి తర్వాత బీ అనే చిన్న అక్షరం, 0003, వీ అనే చిన్న అక్షరం, వెండర్ ఐడీ నాలుగు అంకెలు, పీ అనే చిన్న అక్షరం, ప్రోడక్ట్ ఐడీ నాలుగు అంకెలు, చివర నక్షత్రం గుర్తు. ఐడీలు ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపిస్తుంది, కానీ అది ఐడీలో వచ్చే అక్షరాల్ని చిన్నవిగా చూపిస్తుంది, ఇక్కడ మాత్రం ఐడీలోని అక్షరాలు పెద్దవిగా రాయాలి, ఇదొక్కటి తప్పితే ఎంట్రీ మొత్తం పనిచెయ్యదు, ఎర్రర్ కూడా చూపించదు. 0003 అంటే యూఎస్‌బీ, అదే ప్యాడ్ బ్లూటూత్‌లో వస్తే 0005. రెండో లైన్ తప్పకుండా ఒక స్పేస్‌తో మొదలవ్వాలి, ఆ తర్వాత ఈవీడెవ్_ఏబీఎస్_00=25:249 అని అన్నీ పెద్దక్షరాల్లో. ఆ 00 యాక్సిస్ నంబర్, పదహారు ఆధారంగా రాసేది, మనకి కావాల్సిన 0 నుంచి 5 దాకా మామూలు అంకెల్లాగే ఉంటాయి. ఇంకో యాక్సిస్ ఉంటే ఇంకో లైన్. సేవ్ చేసి సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్ రన్ చెయ్యండి, ప్యాడ్ పీకి మళ్ళీ పెట్టండి, ఈవీటెస్ట్‌లో ఆ యాక్సిస్ కింద మిన్ 25, మ్యాక్స్ 249 కనపడితే పడింది అని అర్థం. ఒకటే ఇబ్బంది, ఒకే మోడల్ ప్యాడ్‌లు రెండు ఉంటే ఐడీ ఒకటే కాబట్టి రెండింటికీ ఇవే అంకెలు వెళ్తాయి, అరిగినది ఒకటి కొత్తది ఒకటి అయితే కొత్తదానికి అన్యాయం జరుగుతుంది, అప్పుడు ఇది వదిలేసి గేమ్‌లోనో, గేమ్‌లు కొని ఆడే స్టీమ్ యాప్‌లోనో సరిచేస్కోవడం మేలు.

స్టీమ్ అన్నా కదా, అది వేరే కథ. స్టీమ్ ఇన్‌పుట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే స్టీమ్ మీ ప్యాడ్‌ని తను చదివి, ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్ లాంటి ఉత్తుత్తి కంట్రోలర్ ఒకటి తయారుచేసి గేమ్‌కి దాన్ని చూపిస్తుంది. గేమ్‌కి మీ అసలు ప్యాడ్‌తో సంబంధం లేదు. కాబట్టి స్టీమ్ గేమ్‌లకి స్టీమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ పేజీకి వెళ్ళి అక్కడే క్యాలిబ్రేట్ చేసి డెడ్‌జోన్ పెట్టుకోవడం ఉత్తమం, మీవి ఎక్కువగా స్టీమ్ గేమ్‌లే అయితే పైన చెప్పిందంతా చెయ్యకుండా ముందు ఇదే చెయ్యండి. గేమ్‌లో ఒకే ప్యాడ్ రెండుగా కనపడి ప్రతి నొక్కుడూ రెండుసార్లు పడుతుంటే అసలుదీ ఉత్తుత్తిదీ రెండూ గేమ్ చూస్తోంది అని, ఆ గేమ్ ప్రాపర్టీస్‌లో స్టీమ్ ఇన్‌పుట్ ఆఫ్ చేసి చూడండి.

ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్లు, నింటెండో స్విచ్ కంట్రోలర్లు ఉన్నవాళ్ళకి ఒక మాట. వీటిని ఎస్‌డీఎల్ మూడో దారిలో, అంటే హెచ్‌ఐడీ‌రాలో నేరుగా చదవడానికి ఇష్టపడుతుంది, అప్పుడు ఈవీడెవ్‌లో మీరు పెట్టిన మిన్, మ్యాక్స్ అస్సలు ఉపయోగపడవు. ఎస్‌డీఎల్_జాయ్‌స్టిక్_హెచ్‌ఐడీఏపీఐ వేరియబుల్ 0 పెడితే ఈవీడెవ్ దారికి వస్తుంది. కెర్నల్‌లో వీటికి మంచి డ్రైవర్లే ఉన్నాయి, డ్యుయల్‌సెన్స్ (ప్లేస్టేషన్ 5 కంట్రోలర్) కోసం హెచ్‌ఐడీ-ప్లేస్టేషన్ 2021లో 5.12 కెర్నల్‌తో వచ్చింది, స్విచ్ ప్యాడ్‌ల కోసం హెచ్‌ఐడీ-నింటెండో 2022 జనవరిలో 5.16తో వచ్చింది, ఈ రెండోది కంట్రోలర్ ఫ్లాష్ మెమరీలో ఫ్యాక్టరీ వాళ్ళు రాసిన క్యాలిబ్రేషన్‌ని చదివి వాడుతుంది కూడా. కెర్నల్ మరీ పాతదైతే ముందు అది అప్‌డేట్ చెయ్యండి, తర్వాతే స్టిక్ సంగతి. డ్యుయల్‌సెన్స్ పెడితే ఈవీటెస్ట్‌లో మూడు డివైసులు కనపడతాయి, ప్యాడ్ ఒకటి, టచ్‌ప్యాడ్ ఒకటి, కదలికల సెన్సర్ ఒకటి. సెన్సర్‌ది తెరిచి చూస్తే అంకెలు ఆగకుండా పరిగెడుతుంటాయి, అది డ్రిఫ్ట్ కాదు.

చవక ప్యాడ్‌లలో కుడి స్టిక్ కదిపితే ట్రిగ్గర్ పనిచెయ్యడం, బటన్లు తారుమారు అవ్వడం క్యాలిబ్రేషన్ సమస్య కాదు, మ్యాపింగ్ సమస్య, అంటే ఏ బటన్ ఏదో సిస్టమ్ తప్పుగా అనుకోవడం. వీటిలో చాలావాటికి రెండు మోడ్‌లు ఉంటాయి, ఎక్స్‌ఇన్‌పుట్, డీఇన్‌పుట్ అని, మధ్యలో ఉన్న హోమ్ లేదా మోడ్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే మారుతుంది. ఎక్స్‌ఇన్‌పుట్‌లోకి మారిస్తే కెర్నల్‌లో ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ అందుకుంటుంది, బటన్లన్నీ ఎక్కడివక్కడ కూర్చుంటాయి, స్టిక్ రేంజ్ కూడా -32768 నుంచి 32767 అవుతుంది. ఎక్స్‌ప్యాడ్‌లో ఫ్లాట్ 128 మాత్రమే, అంత పెద్ద రేంజ్‌లో అది లేనట్టే లెక్క, కాబట్టి ఆ మోడ్‌లో స్టిక్ పక్కకి వాలితే జేఎస్‌టెస్ట్‌లోనే కనపడిపోతుంది. మోడ్ మారితే ఐడీ మారుతుంది, అంకెలు మారతాయి, అందుకని మోడ్ ముందు ఖాయం చేస్కొని ఆ తర్వాతే కొలతలు తీస్కోండి. మోడ్ లేని ప్యాడ్ అయితే స్టీమ్‌లోనో యాంటీమైక్రోఎక్స్ అనే యాప్‌లోనో ఒక్కో బటన్ నొక్కుతూ మ్యాపింగ్ చేస్కోవచ్చు, పది నిమిషాల పని.

కొన్ని కంట్రోలర్లు ఆన్ అయిన క్షణంలో స్టిక్ ఎక్కడుంటే అదే సెంటర్ అనుకుంటాయి. ప్యాడ్ చేత్తో పట్టుకుని బొటనవేలు స్టిక్ మీద ఉండగా వైరు గుచ్చితే ఆ పూటంతా డ్రిఫ్ట్. బల్ల మీద పెట్టి, చేతులు తీసేసి, అప్పుడు గుచ్చండి.

పర్మిషన్ల గురించి ఒక హెచ్చరిక. ప్యాడ్ కనపడట్లేదు అంటే ఇన్‌పుట్ గ్రూప్‌లో యూజర్‌ని చేర్చేయ్ అనే సలహా చాలాచోట్ల కనపడుతుంది, దయచేసి అలా చెయ్యకండి. ఆ గ్రూప్‌లో ఉంటే మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రాం అయినా కీబోర్డ్ మీద మీరు కొట్టే ప్రతి అక్షరం చదవగలదు, పాస్‌వర్డ్‌లతో సహా. గేమ్‌ని సుడోతో నడపడం కూడా అంతే. లాగిన్ అయిన యూజర్‌కి జాయ్‌స్టిక్ డివైసుల మీద హక్కు, డివైసుల్ని చూసుకునే యూడెవ్ తనే ఇస్తుంది, హెచ్‌ఐడీ‌రా కోసం కావాల్సిన రూల్స్ స్టీమ్-డివైసెస్ అనే ప్యాకేజ్‌లో వస్తాయి, అది వేసి ప్యాడ్ పీకి పెడితే చాలు. గేమ్ ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్‌కి విడిగా పెట్టి నడిపే ప్యాకేజ్) అయితే ఆ పర్మిషన్లు చూపించే ఫ్లాట్‌సీల్ తెరిచి ఆ యాప్‌కి డివైసుల పర్మిషన్ ఉందో లేదో చూడండి, అది లేకపోతే బయట అంతా బాగున్నా లోపలికి ఏదీ వెళ్ళదు. అసలు ప్యాడ్ పెట్టినా కెర్నల్‌కే తెలీకపోతే, అంటే కెర్నల్ సందేశాలు చూపించే డీమెస్‌జీ (dmesg) కమాండ్‌లో ఒక్క లైన్ కూడా పడకపోతే, కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు చాలా ఉంటాయి, లైటు వెలుగుతుంది, డేటా పోదు.

ఇంకా స్టిక్ లోపలి సంగతి. చాలా కంట్రోలర్లలో స్టిక్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది, కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది, వాడేకొద్దీ పూత అరుగుతుంది, స్ప్రింగ్ కూడా వదులవుతుంది. పైన చెప్పిన పదిసార్ల పరీక్షలో ప్రతిసారీ దాదాపు అదే అంకె వస్తే క్యాలిబ్రేషన్‌తో బాగుపడుతుంది. ఒకసారి 120, ఒకసారి 160, ముట్టుకోకపోయినా అంకె గెంతుతూ ఉంటే అది సాఫ్ట్‌వేర్‌తో తీరేది కాదు, డెడ్‌జోన్ 30 శాతం పెట్టి కప్పెడితే సున్నితమైన కదలికలన్నీ పోతాయి. అప్పుడు స్టిక్ మాడ్యూల్ మార్చుకోవడమే, లేదా కొత్తది కొనేటప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు ఉన్నది చూస్కోండి, అయస్కాంతంతో కొలుస్తాయి కాబట్టి రాపిడి లేదు, ఆ కార్బన్ అరుగుడు ఉండదు.

ఇక బ్లూటూత్. కనెక్ట్ అయ్యి పడిపోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ట్రస్ట్ చెయ్యకపోవడం. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో పెయిర్ నొక్కి వదిలేస్తాం, ఆ క్షణానికి పనిచేస్తుంది, తర్వాత ప్యాడ్ తనంతట తాను తిరిగి రావడానికి ప్రయత్నిస్తే సిస్టమ్ ఒప్పుకోదు. ముందు సెట్టింగ్స్‌లో ఆ ప్యాడ్‌ని పూర్తిగా తీసేయండి. టెర్మినల్‌లో బ్లూటూత్‌సీటీఎల్ తెరిచి స్కాన్ ఆన్ చేసి, ప్యాడ్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి, డ్యుయల్‌షాక్ 4కి (ప్లేస్టేషన్ 4 ప్యాడ్) షేర్, పీఎస్ బటన్లు కలిపి, డ్యుయల్‌సెన్స్‌కి క్రియేట్, పీఎస్ కలిపి, ఎక్స్‌బాక్స్‌కి పైన అంచున ఉన్న చిన్న బటన్. అడ్రస్ కనపడగానే పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ ఈ వరసలో ఇవ్వండి. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ అయ్యుండి లైటు ఆగకుండా మిణుకుమంటూ ఉంటే ఎక్స్‌ప్యాడ్‌నియో డ్రైవర్ వేస్కోండి, ప్యాడ్ ఫర్మ్‌వేర్ కూడా అప్‌డేట్ చెయ్యండి, దానికి మాత్రం ఎవరిదైనా విండోస్ కంప్యూటర్ గానీ ఎక్స్‌బాక్స్ కన్సోల్ గానీ కావాల్సిందే. ప్లేస్టేషన్ 3 కంట్రోలర్‌కి ఈ పెయిరింగ్ మోడ్ లేదు, మొదటిసారి వైరుతో పెట్టి, అనుమతి అడిగితే ఒప్పుకుని, వైరు తీసి పీఎస్ బటన్ నొక్కాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఆటలో మధ్యమధ్యలో తెగుతుంటే బ్లూటూత్ డాంగిల్ ఎక్కడ గుచ్చారో చూడండి. యూఎస్‌బీ 3 పోర్టులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వేసింది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కాపీ అవుతూ ఉంటే మరీనూ. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బయటికి లాగి ప్యాడ్‌కి ఎదురుగా పెట్టండి. నా దగ్గర నిమిషానికోసారి తెగేది ఆ ఒక్క మార్పుతో ఆగిపోయింది, డ్రైవర్లేవీ మార్చలేదు.